ఇన్‌చార్జి నాన్న

పామర్తి నాంచారమ్మ తన చిన్నతనం గురించి నవల రాసి ముగించేనాటికి, రాష్ట్రంలోని చిన్నతనాలన్నీ ప్రభుత్వ పరిధిలోకి వచ్చి ఏడాది దాటింది. ఆ సంగతి ఆవిడకు తెలియదు. బందరు మున్సిపల్ బడిలో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. ఇనగుదురుపేటలో పుట్టిన ఇంట్లోనే తల్లికి తోడుగా ఉంటోంది. పొద్దున్నే తల్లికి కాఫీ ఇచ్చి, వంటింటి గుమ్మానికి చేరగిలబడి, ఒళ్ళో అట్ట పెట్టుకుని రాసుకున్న పుస్తకం అది. పేరు ‘మా నాన్న సోడా బండి’.

తండ్రి కోటయ్య గోలీ సోడాలు పట్టి, బండి మీద ఊరంతా తిప్పి అమ్మినవాడు. పోయి చాలా కాలమైంది. తల్లి చిట్టెమ్మ ఎనభై దాటినా చూపూ మాటా గట్టిగానే ఉన్నాయి. అన్న వీరాస్వామికి బస్టాండు దగ్గర తండ్రి పేరు మీద కూల్‌డ్రింకుల ఏజెన్సీ ఉంది. చెల్లెలు తాయారు బెజవాడలో ఒక కాలనీ సంక్షేమ సంఘానికి అధ్యక్షురాలు.

వీళ్ళు కాక ఇంకొకడు ఉండేవాడు, రాఘవులు. నాలుగేళ్ళు నిండకుండానే పోయాడు. ఆ పేరు ఆ ఇంట్లో ఎవరూ పలకరు. నాంచారమ్మ నవలలో పదమూడో అధ్యాయమంతా వాడే. నిజానికి ఆవిడ ముందు రాసింది ఆ అధ్యాయమే. తక్కినవన్నీ దానికి అటూ ఇటూ కాపలా పెట్టినవి.

రాతప్రతి పట్టుకుని బెజవాడ వెళ్ళింది. ప్రచురణకర్త భుజంగరావు వారం రోజులు దగ్గర పెట్టుకుని పిలిపించాడు.

“నవల బాగుందమ్మా. మా ఆవిడ చదివి ఏడ్చింది. ఆవిడ అంత తేలిగ్గా ఏడవదు. అంతా బాగుంది గానీ, ముద్ర ఏదీ?”

“ముద్రణ మీ పని కదండీ, నన్నడుగుతారేంటి?”

“ముద్రణ కాదమ్మా, ముద్ర. యథార్థ బాల్య ముద్ర. అది లేకపోతే లైబ్రరీలు ముట్టుకోవు. కొట్లో పెడితే పట్టుకుపోతారు. మొన్న పక్క షాపులో ఒకాయన బాల్యం మొత్తం వ్యాన్‌లో వేసుకుని తీసుకెళ్ళారు.”

సంగతేమిటంటే, అంతకుముందొక పేరున్న రచయిత తన బాల్యం గురించి నవల రాశాడు. రాత్రుళ్ళు గంజి కూడా లేక కడుపులో కాళ్ళు పెట్టుకుని పడుకున్నానని అందులో ఉంది. జనం కన్నీళ్ళు పెట్టుకున్నారు. పెద్ద సన్మానం జరిగింది. శాలువా కప్పుతున్న సమయంలో, ముందు వరసలో కూర్చున్న ఆయన అన్నగారు లేచి, “ఒరే, మనింట్లో రెండు గాదెల ధాన్యం ఉండేది. నువ్వు వంకాయ కూర తిననని అలిగి పడుకునేవాడివి” అన్నాడు. మైకు ఆన్‌లో ఉంది. ఆ సభకు అధ్యక్షత వహించింది మంత్రిగారు. మర్నాటికల్లా రాష్ట్ర బాల్య సాహిత్య యథార్థతా మండలి ఏర్పడింది.

నాంచారమ్మ మండలి ఆఫీసు వెతుక్కుంటూ వెళ్ళింది. అది పాత పశుగ్రాస అభివృద్ధి కార్యాలయం. గోడల మీద ఇంకా గడ్డి రకాల బొమ్మలున్నాయి. సభ్య కార్యదర్శి అనంతపద్మనాభం గారు మర్యాదగా కూర్చోబెట్టాడు. ఆయన మాట్లాడుతుంటే మధ్య మధ్య కామాలు కూడా వినిపిస్తాయి.

“అమ్మా, జ్ఞాపకం అనునది సమాచారం కాదు. సమాచారమునకు మూలం ఉండవలెను. మూలమునకు సాక్ష్యం ఉండవలెను. సాక్ష్యమునకు సంతకం ఉండవలెను.”

“నా చిన్నతనం నాకు బాగా గుర్తుందండీ.”

“అదియే చిక్కు. సదరు ఘటనలు జరిగినప్పుడు తమరు మైనరు. ఒక మైనరు చెప్పినదానిని ఆధారం చేసుకుని మూడు వందల పేజీలను ఆమోదించుట ఎట్లు?”

“చిన్నతనంలో ఎవరైనా మైనర్లే కదండీ.”

“కావుననే మండలి అవసరమైనది,” అన్నాడాయన సంతృప్తిగా. ముందు క్షేత్ర పరిశీలన, తరువాత కుటుంబ సమ్మతి సభ, ఆపైన ముద్ర అని వివరించి, టీ తెప్పించాడు.

నెల తిరక్కుండా ఇద్దరు క్షేత్ర పరిశీలకులు టేపులు పట్టుకుని ఇనగుదురుపేటలో దిగారు. ఒకాయన చదవడం, ఒకాయన కొలవడం.

“‘మా అరుగు మీద సాయంత్రమైతే ఊరంతా కూర్చునేది.’ అరుగు ఇదేనాండీ?”

“ఇదేనండి.”

రెండో ఆయన టేపు పరిచాడు. ఇద్దరూ గుసగుసలాడుకున్నారు. “మేడమ్, దీనిమీద ఆరుగురు పడతారు. బందరు జనాభా మీకు తెలియంది కాదు.”

“చిన్నప్పుడు అలా అనిపించేదండీ.”

“అనిపించడం మా పరిధిలోకి రాదు మేడమ్.”

ఆ వాక్యం ‘మా అరుగు మీద ఆరుగురు కూర్చునేవారు, పిల్లలైనచో తొమ్మండుగురు’ అని మారింది. తండ్రి తాడిచెట్టంత పొడుగని రాసింది. గోడకున్న ఫోటో, ఆ ఫోటోలోని కుర్చీ చూసి లెక్కగట్టి, అయిదడుగుల నాలుగంగుళాలుగా ఖరారు చేశారు. తాడిచెట్టును లేతదైనా సరే ఉంచమని ఆవిడ బతిమాలింది. కుదరదన్నారు. ‘సోడా గ్యాసు వాసన వస్తే నాన్న ఇంట్లో ఉన్నట్టు’ అన్న చోట చదివే ఆయన ఆగి, ఎంతో నొచ్చుకుంటూ అన్నాడు.

“మీరు సైన్సు టీచరుగా చేశారు. కార్బన్ డయాక్సైడుకు వాసన ఉండదని మేము చెప్పాలా మేడమ్?”

నాంచారమ్మకు తల కొట్టేసినట్టయింది. ముప్పై ఏళ్ళు పిల్లలకు ఆ ముక్క తనే చెప్పింది. అయినా ఆ వాసన ఇప్పటికీ ముక్కుకు తగులుతూనే ఉంటుంది. ఆ మాట పైకి అనలేకపోయింది. నాన్న వాసన లేనివాడయ్యాడు.

కుటుంబ సమ్మతి సభ బందరులోనే ఒక ప్రభుత్వ కార్యాలయం హాల్లో జరిగింది. అనంతపద్మనాభం గారు స్వయంగా వచ్చాడు. నియమం చదివి వినిపించాడు. ఎవరి గురించి రాసిన వాక్యం మీద వారికే హక్కు. వారు కాదంటే వాక్యం పోతుంది. అంతే. తల్లి మోకాళ్ళ నొప్పితో రాలేదు. ఆవిడ సమ్మతి ముందు రోజే ఇంటికి వచ్చి తీసుకున్నారు. “నా కూతురు నా గురించి రాసుకుంటే నాకేంటయ్యా?” అందిట. పుస్తకంలో ఏముందో ఆవిడకు తెలియదు. పదమూడో అధ్యాయం ఆవిడ చెవిన పడకుండా నాంచారమ్మ చాలా జాగ్రత్త పడింది.

తాయారు పట్టుచీర కట్టుకుని, రాతప్రతి నిండా పసుపు చీటీలు అంటించుకుని వచ్చింది.

“నలభైయో పేజీలో నేను గోలీ కోసం సోడాసీసా పగలగొట్టానని రాసింది. నేనలా చెయ్యలేదు.”

“చేశావు కదే! నాన్న నిన్ను గుంజకి కట్టేస్తానంటే నేనే కదా దాచాను,” అంది నాంచారమ్మ.

“మా కాలనీలో నాకో పేరుందక్కా. పిల్లలు క్రికెట్ ఆడి అద్దాలు పగలగొడితే జరిమానా వేసేది నేను. రేపు వాళ్ళు ఈ పుస్తకం తెచ్చి చూపిస్తే?”

అది సమంజసంగానే ఉందని సభ అంగీకరించింది. సీసా పగలలేదు. తాయారు పక్క తడిపింది కూడా ఆ సాయంత్రానికి ఎగిరిపోయింది. పక్కింటివాళ్ళు వచ్చి, తాము ఎంతోకాలం ఆ వీధిలో ఉన్నా తమ ప్రస్తావన ఒక్క ముక్క లేదని ఫిర్యాదు చేశారు. విడిచిపెట్టబడిన వారికి కూడా హక్కులుంటాయి కనుక, ‘మా పక్కింటివారు చాలా మంచివారు, ఇప్పటికీ మంచివారే’ అని చేర్చారు. అది విని ఎదురింటివాళ్ళు కూడా వచ్చారు.

వీరాస్వామి అందరికన్నా చివర లేచాడు. ఇంట్లో పెద్దవాడు. మామూలుగా చెల్లెలి మీద గొంతెత్తని మనిషి.

“నా గురించి రాసినవి తీసేస్తే తీసెయ్యండి, ఉంచితే ఉంచండి. నాకు పట్టింపు లేదు. పదమూడో అధ్యాయం మాత్రం ఉండకూడదు.”

హాల్లో తాయారు కూడా తల వంచుకుంది.

అనంతపద్మనాభం గారు పేజీలు తిప్పాడు. ఆ అధ్యాయంలో సంగతి ఇంతే. కార్తీక పౌర్ణమి నాడు పిల్లాడికి జ్వరం ముదిరింది. మంగినపూడిలో సముద్ర స్నానాలు. ఏడాదికోసారి వచ్చే జనం. కోటయ్య సోడాల బండి తోసుకుని వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి పిల్లాడు లేడు.

“వీరాస్వామి గారూ, ఈ అధ్యాయంలో ఉన్నవారు తమ తండ్రి, తల్లి, సదరు బాలుడు, రచయిత్రి. తమరు లేరు. లేనివారికి అభ్యంతరము చెప్పు హక్కు లేదు.”

“మా నాన్న పరువండీ అది,” అన్నాడు వీరాస్వామి. “ఆయన పేరు బోర్డు మీద పెట్టుకుని బతుకుతున్నాను.”

“అట్లయిన తమ తండ్రిగారే అభ్యంతరం చెప్పుకోవలెను.”

“ఆయన పోయారు కదండీ!”

“మండలి దానికి ఏర్పాటు చేసినది. ఇన్‌చార్జి తండ్రిని నియమించెదము.”

నాంచారమ్మ తప్పు విన్నాననుకుంది. కాదు. చనిపోయినవారి తరఫున మాట్లాడేందుకు ఇతర శాఖల నుంచి అధికారులను డిప్యుటేషన్ మీద తీసుకుంటున్నారు. ఇన్‌చార్జి తాతలు కావలసినంతమంది ఉన్నారట. ఇన్‌చార్జి తల్లులకు మాత్రం చాలా కొరత. ఒకావిడ ఏకంగా రెండు జిల్లాల నవలలకు అమ్మగా అదనపు బాధ్యతలు చూస్తూ, ఒత్తిడికి తట్టుకోలేక సెలవులో ఉంది.

“అదృష్టవశాత్తూ తండ్రి పోస్టుకు మనిషి ఉన్నాడు,” అన్నాడు అనంతపద్మనాభం. “తూనికలు కొలతల శాఖ. బహు నిక్కచ్చి మనిషి.”

అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా మెట్లు దిగారు.

ఆ మరుసటి వారం, పది గంటల ఎండలో, గొడుగు వేసుకుని ఒక బక్కపలచని మనిషి వచ్చి అరుగు ముందు చెప్పులు విడిచాడు. పేరు పరాంకుశం. నాంచారమ్మ కంటే వయసులో చిన్న.

“అమ్మా నాంచారమ్మా, నేను మీ తండ్రి కోటయ్య హోదాలో వచ్చాను,” అన్నాడు. “ముందుగా కాసిని మంచినీళ్ళిప్పిస్తారా?”

ఆవిడ నీళ్ళిచ్చి, గొంతు తగ్గించి అంది. “చూడండి, మా అమ్మ లోపలే ఉంది. పదమూడో అధ్యాయం సంగతి మాత్రం ఆవిడ ముందు ఎత్తకండి. ఆవిడకు తెలియదు నేను రాసినట్టు.”

“విచారణాంశం అదొక్కటేనమ్మా. ఎత్తకుండా ఎలా?” ఆయన నిజంగానే బాధపడ్డాడు. “నేను ఇప్పటికి మూడు నవలల్లో తండ్రిగా పనిచేశాను. ఎవరింట్లోనూ కేకలు వెయ్యలేదు.”

ఆవిడ అడ్డుపడేలోపే ఆయన లోపలికి నడిచాడు. చిట్టెమ్మ మంచం మీద కూర్చుని, ఒళ్ళో చేట పెట్టుకుని గోంగూర వలుస్తోంది. తల ఎత్తి చూసింది.

“ఎవరే ఈయన?”

“నాన్న స్థానంలో... గవర్నమెంటు పంపిందమ్మా.”

చిట్టెమ్మ ఆయన్ని కాళ్ళ నుంచి తల దాకా చూసింది. “ఇంతకాలం పట్టిందా?” అంది. “కూర్చో నాయనా. ఆ స్టూలు కాదు, దానికి ఒక కాలు పొట్టి. ఆ పీట వేసుకో.”

పరాంకుశం పీట మీద కూర్చుని, సంచీలోంచి ఒక పుస్తకం తీసి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

“పదమూడో అధ్యాయం విషయమై. జ్వరముతో ఉన్న కుమారుడు చిరంజీవి రాఘవులును ఇంటివద్ద విడిచి, నేను మంగినపూడి సముద్ర స్నానాలకు బండి తీసుకుని వెళ్ళితినని అభియోగం. దీనిపై నా అభిప్రాయం తెలుపవలసి ఉన్నది. అందులకు కొన్ని వివరములు కావలెను.”

చిట్టెమ్మ చేతిలో గోంగూర కాడ ఆగిపోయింది.

ఆ పేరు ఆ గదిలో అంత స్పష్టంగా, పూర్తిగా, ముందు చిరంజీవి తగిలించి మరీ వినపడి ఎన్నేళ్ళయిందో. నాంచారమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. తల్లి తన వైపు చూస్తుందనుకుంది. అలా ఎందుకు రాశావే అని అడుగుతుందనుకుంది. చిట్టెమ్మ ఆవిడ వంక చూడలేదు. పీట మీద మనిషినే చూస్తోంది.

“వెళ్ళొద్దని చెప్పాను,” అంది నెమ్మదిగా. “ఒళ్ళు పెనంలా ఉంది, వెళ్ళొద్దన్నాను. ఆయన వినలా. స్నానాల రోజు పోతే మళ్ళీ ఏడాదికి గానీ రాదన్నాడు. సీసాలు నింపి పెట్టుకున్నాను, అవేం చెయ్యనన్నాడు.”

పరాంకుశం రాసుకోబోయి, ఎందుకో రాయలేదు.

“పొద్దుగూకేదాకా వాడు నాన్నేడీ నాన్నేడీ అంటూనే ఉన్నాడు. వస్తాడ్రా, సోడా తెస్తాడ్రా అంటూ కూర్చున్నాను. డాక్టరు దగ్గరికి ఎత్తుకుపోదామంటే ఇంట్లో మగదిక్కు లేదు. ఈ ఇద్దరాడపిల్లల్నీ ఎవరి దగ్గర వదిలి పోను? పక్కింటోళ్ళు కూడా స్నానాలకే పోయారు.” ఆవిడ చేట పక్కన పెట్టింది. “ఏవయ్యా, వెళ్ళొద్దన్నానా లేదా? చెప్పు. నీ మొహం చూసి అడుగుదామంటే వచ్చినరోజు బండి దగ్గరే కూలబడిపోయావు. తర్వాత అడుగుదామంటే అన్నం మానేశావు. నువ్వు మళ్ళీ మనిషివయ్యేదాకా నేను నోరు మూసుకున్నాను. ఆ తర్వాత ఇంక నోరు రాలా. పోయావు. ఎవర్నడగను నేను?”

పరాంకుశం పుస్తకం తెరిచాడు. ఇలాంటి సందర్భంలో ఇన్‌చార్జి తండ్రి ఇవ్వదగిన జవాబులు అందులో మూడున్నాయి. ‘అంగీకరించను’. ‘జ్ఞప్తికి లేదు’. ‘అప్పటి పరిస్థితులు వేరు’. ఇంతకుముందు మూడు నవలల్లోనూ ఆయన మూడోదే వాడాడు. అన్నిటికీ సరిపోతుంది. రచయితలు కూడా పెద్దగా పట్టించుకోలేదు.

ఆ పేజీ చాలాసేపు చూసి పుస్తకం మూసేశాడు. పీట మీద నుంచి లేచి నిలబడ్డాడు.

“అమ్మా, అది నా హయాంలో జరిగింది కాదు,” అన్నాడు. “అయినా చార్జి నేను తీసుకున్నాను. తీసుకున్నాక బాధ్యత నాదే. మీరు వద్దన్నారు. నేను వెళ్ళకుండా ఉండాల్సింది.”

వీధిలో ఎవరో ఉల్లిపాయలు అమ్ముకుంటూ పోయారు. చిట్టెమ్మ చెంగుతో ముఖం తుడుచుకుంది. ముక్కు గట్టిగా చీదింది. చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

“గోంగూర పచ్చడి చేస్తున్నాను. అన్నం తినిపో.”

“విచారణలో ఉన్నప్పుడు భోజనం స్వీకరించకూడదమ్మా. నిబంధన.”

“నువ్వు వచ్చింది ఏ హోదాలో అన్నావు?”

పరాంకుశం ఆలోచించాడు. తరువాత చేతులు కడుక్కోవడానికి దొడ్డి ఎటో అడిగాడు.

నాంచారమ్మ వంటింట్లోకి వెళ్ళి, బియ్యం కడుగుతున్నట్టు నటిస్తూ చాలాసేపు నిలబడింది. మూడు వందల పేజీలు రాసి కూడా తల్లిని తను ఒక్కసారి ఆ మాట అడగలేదు. అడిగే హోదా తనకు లేదనుకుంది కాబోలు.

మండలి చివరి సమావేశం బెజవాడలో జరిగింది. అనంతపద్మనాభం గారి ముఖం వాడిపోయి ఉంది.

“మండలి చరిత్రలో ఇంతవరకు ఏ తండ్రీ ఒప్పుకొనలేదు,” అన్నాడు. “ఒప్పుకొనుటకు ముందు ప్రభుత్వ అనుమతి తీసుకొనవలెనా వద్దా అన్నది న్యాయ విభాగమునకు కూడా తెలియరాలేదు. పరాంకుశం గారూ, తమరు నివేదికను ఉపసంహరించుకొనవచ్చును. జ్ఞప్తికి లేదని వ్రాసిన చాలును.”

“క్షమించాలండి. మా శాఖలో ఒకసారి ముద్ర కొట్టిన తూకపు రాయిని మళ్ళీ అరగదీయరు.”

“ఇట్లు ఒక తండ్రి ఒప్పుకొనిన, రేపు తక్కిన తండ్రుల గతి యేమి?”

“అది తక్కిన తండ్రులు చూసుకోవాలండి.”

అక్కడికక్కడే, తండ్రిని మాతృశాఖకు తిప్పి పంపుతూ ఉత్తర్వులు వెలువడ్డాయి. పరాంకుశం వాటిని రెండు చేతులా అందుకుని, నాంచారమ్మకు నమస్కారం పెట్టి, “అమ్మగారి మోకాళ్ళకు నువ్వులనూనె వెచ్చబెట్టి రాయండి,” అని చెప్పి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

అయితే ఆయన నివేదిక నివేదికే. దాన్ని కాదనడానికి దారి లేదు. తండ్రి ఒప్పుకున్నాడు. తల్లి ముందే సమ్మతించింది. బాలుడు మైనరు కనుక అతని తరఫున తండ్రి ఒప్పుదలే చెల్లుతుంది. ఆ విధంగా పదమూడో అధ్యాయం మీద ఏ అభ్యంతరమూ మిగల్లేదు. అక్కడితో ఆగితే బాగుండేది. మండలి అక్కడితో ఆగలేదు. తండ్రే ఒప్పుకున్న ఒక అధ్యాయం తమ చేతిలో ఉన్నాక, ఎవరూ ఒప్పుకోని తక్కిన అధ్యాయాలను ఏ మొహంతో ఆమోదిస్తామని ఒక సభ్యుడు ప్రశ్నించాడు. సోడా బండి ఊరంతా తిరిగినట్టు గానీ, అరుగు మీద జనం కూర్చున్నట్టు గానీ తండ్రి ఎక్కడా సంతకం పెట్టలేదు. పక్కింటివారి మంచితనానికీ తగిన ఆధారం లేదు. చర్చించి చర్చించి, అవన్నీ కొట్టేశారు. నాంచారమ్మకు ఇచ్చిన ధ్రువపత్రంలో ఇలా ఉంది: ‘సదరు రచయిత్రికి బాల్యము ఒక్క రోజు ఉన్నట్లు నిర్ధారించడమైనది.’

“నాకు అభ్యంతరం లేదండీ,” అంది ఆవిడ.

అనంతపద్మనాభం గారికి ఆ జవాబు వింతగా తోచింది. ఇంతవరకు బాల్యం పోగొట్టుకున్న ప్రతి రచయితా ఆయన బల్ల మీద గుద్దాడు.

భుజంగరావు దాన్ని చిన్న పుస్తకంగా అచ్చు వేశాడు. మండలి ఆదేశం ప్రకారం ప్రతి పేజీ అడుగున గుండ్రంగా యథార్థ బాల్య ముద్ర, దాని చుట్టూ సన్నటి అక్షరాల్లో హెచ్చరిక ఉన్నాయి. పుస్తకాల కట్ట బస్సులో బందరు వచ్చింది. దాన్ని మోసుకొచ్చినవాడు వీరాస్వామి. స్టాండులో పార్సిలు దించినవాళ్ళు దానిమీది ఇంటిపేరు చూసి, పక్కనే ఏజెన్సీలో ఉన్న ఇతన్ని పిలిచారట. లోపలికి రాకుండా అరుగు మీదే కట్ట దించి, అక్కడే కూర్చుండిపోయాడు. చెల్లెలితో మాటల్లేవు.

“చదవ్వే,” అంది చిట్టెమ్మ.

నాంచారమ్మ అరుగు మీద మంచం వాల్చి, తల్లిని కూర్చోబెట్టి చదివింది. గొంతు బడిలో పాఠం చదివినట్టు సాగింది. జ్వరం, బండి సర్దడం, మధ్యాహ్నం, ‘నాన్నేడీ’ అన్న మాట. చిట్టెమ్మ మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అయిపోయాక కళ్ళు మూసుకుని, చాలాసేపటికి తెరిచింది.

“వాడికి ఆ రోజు తెల్ల చొక్కా తొడిగానని రాశావు. తెల్లది కాదే. ఆకుపచ్చ లాల్చీ. నేనే కుట్టాను. కింద అంచుకు గుడ్డ చాలక మీ నాన్న పాత లుంగీ ముక్క వేశాను.”

ఇన్ని నెలలుగా ఎంతమంది ఎన్ని దిద్దుబాట్లు చెప్పినా నాంచారమ్మకు ప్రాణం పోయినట్టుండేది. ఇప్పుడు చప్పున లోపలికి వెళ్ళి కలం తెచ్చింది.

వీరాస్వామి అరుగు చివర నుంచి కట్టలోని ఒక పుస్తకం తీసి, ముద్ర చుట్టూ ఉన్న అక్షరాలను కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు.

“ఒక్క అక్షరం మార్చినా ముద్ర చెల్లదని ఉందే ఇక్కడ.”

“ఉండనీ,” అంటూ నాంచారమ్మ ‘తెల్ల చొక్కా’ కొట్టేసింది.

వీరాస్వామి పుస్తకాన్ని చేతుల్లో అటూ ఇటూ తిప్పాడు.

“ఎలాగూ చెల్లదు కాబట్టి, ఇంకో ముక్క రాయి,” అన్నాడు. “బండి వెనక నేనున్నానని రాయి. నాన్న ఒక్కడే వెళ్ళలేదు. నేను తోశాను. సముద్రం చూపిస్తాడని, నేనూ వస్తానని పట్టుబట్టి వెళ్ళాను. ఇంట్లో మగదిక్కు లేదని రాశావు. నేను ఉండాల్సింది కదే. నీకు తెలుసు. తెలిసీ రాయలేదు.”

“నీకప్పుడు పదకొండేళ్ళన్నయ్యా.”

“వాడికి నాలుగు కూడా లేవు.”

నాంచారమ్మ తల్లి వంక చూసింది. చిట్టెమ్మ చెయ్యి చాచి, అరుగు చివర కూర్చున్న డెబ్బై ఏళ్ళకు దగ్గరపడిన కొడుకును దగ్గరకు రమ్మని సైగ చేసింది. అతను వచ్చి మంచం పక్కన కింద కూర్చున్నాడు. ఆవిడ అతని తల మీద చెయ్యి వేసింది.

“రాయవే,” అంది. “వీడు కూడా వెళ్ళాడు. పొద్దున్నే లేచి, తల దువ్వుకుని మరీ వెళ్ళాడు. తిరిగొచ్చేటప్పుడు తమ్ముడికని జేబులో గవ్వలు వేసుకొచ్చాడు. అదీ రాయి.”

నాంచారమ్మ పుస్తకం మోకాలి మీద పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది. పక్క మార్జిన్ ఇట్టే నిండిపోయింది. పేజీ అడుగున చోటుంది గానీ, అక్కడ ముద్ర ఉంది. ఆవిడ దాని మీద నుంచే రాసుకుంటూ పోయింది.